వారంటీ దాటాక ఫ్రిజ్ పాడైతే కంపెనీని అడిగే హక్కు ఉంటుందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. 38 వేలు పెట్టి డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కొన్నారు. మొత్తం ఫ్రిజ్‌కి ఏడాది వారంటీ, కంప్రెసర్‌కి పదేళ్లు. పద్నాలుగో నెలలో చల్లదనం ఆగిపోయింది. కంపెనీ టెక్నీషియన్ వచ్చి కంప్రెసర్ బాగానే ఉందని, గ్యాస్ పోయిందని, లీకు బాడీ లోపల ఉందని, 9,500 అవుతుందని చెప్పాడు. షాపుకి వెళ్తే "మాకు సంబంధం లేదు, కంపెనీతో తేల్చుకోండి" అన్నారు. వారంటీ అయిపోయింది కదా, ఇక డబ్బు కట్టుకోవడమేనా అన్నది మీ ప్రశ్న.

కాదండి, మీకు అడిగే హక్కు ఉంది. వారంటీ ముగిస్తే ఆగిపోయేది ఒక్కటే: మామూలు వాడకంలో పాడైతే ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఇచ్చిన మాట. వస్తువు తయారీలోనే లోపం ఉంటే దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత చట్టం నుంచి వచ్చింది, వారంటీ కార్డు నుంచి కాదు. కార్డు మీద తేదీ దాటినంత మాత్రాన అది పోదు. అయితే ఒక తేడా వస్తుంది. వారంటీలో ఉండగా మీరు ఏమీ నిరూపించనక్కర్లేదు. దాటాక మాత్రం లోపం మీ వాడకంలో లేదు, వస్తువులోనే ఉంది అని చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. మీ కేసు నిలబడుతుందా లేదా అన్నది దాదాపు పూర్తిగా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను చాలా ఏళ్లు సర్వీస్ సెంటర్‌లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చూశాను. ఇప్పుడు ఒక స్వచ్ఛంద వినియోగదారుల సంఘంలో జనానికి ఫిర్యాదులు రాసిపెడుతున్నాను. అందుకని చట్టంతో పాటు మెషీన్ సంగతి కూడా చెప్తాను. మీ విషయంలో రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఆ గ్యాస్ మాట చూద్దాం. "గ్యాస్ అయిపోయింది" అని చాలామంది టెక్నీషియన్లు అలవాటుగా అంటారు, జనం నమ్మేస్తారు. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకంతో అయిపోదు. అది పూర్తిగా సీలు చేసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. పైపు ఎక్కడా కారకపోతే ఆ ఫ్రిజ్ జీవితకాలమంతా అదే గ్యాస్. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్ కొన్ని పదుల గ్రాములే ఉంటుంది, కాబట్టి కంటికి కనిపించనంత రంధ్రమైనా చాలు, కొన్ని నెలల్లో ఖాళీ అవుతుంది. పద్నాలుగు నెలలకు గ్యాస్ పోయిందంటే ఎక్కడో జాయింటు సరిగ్గా అతకలేదు, లేదా పైపుకి తుప్పు పట్టింది, లేదా ఎవరో బయట నుంచి పొడిచారు. నాలుగో దారి దాదాపు ఉండదు.

ఇందులో మూడోదాన్ని కంపెనీ ముందుకు తెస్తుంది. పాత పద్ధతి సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో అది నిజంగా జరుగుతుంది కూడా. ఫ్రీజర్‌లో ఐసు గట్టిగా పేరుకుపోతే చాకుతోనో గరిటె కాడతోనో పెకలిస్తారు, లోపలి అల్యూమినియం పలకకి చిల్లు పడుతుంది. అలాంటి కేసు ఎవరు తెచ్చినా నేను ముందే చెప్పేస్తాను, అది నిలబడదు. కానీ మీది ఫ్రాస్ట్ ఫ్రీ. అందులో కూలింగ్ కాయిల్ ఫ్రీజర్ వెనుక ప్యానెల్ చాటున ఉంటుంది, చాకు అందదు. పైగా మీ టెక్నీషియన్ లీకు బాడీ లోపల అంటున్నాడు. అంటే పక్క గోడల్లో ఫోమ్ కింద పూడ్చిన వేడి పైపు (కండెన్సర్)లో, లేదా తలుపు చుట్టూ చెమట పట్టకుండా ఫ్రేము లోపల తిప్పిన పైపులో ఉందని అర్థం. ఫ్యాక్టరీలో ఫోమ్ పోసి మూసేశాక ఆ పైపుని వాడేవాళ్లు తాకే వీలే లేదు. గోడకి మేకు కొట్టినట్టు బయటి రేకు మీద గుర్తు ఉంటే తప్ప, అక్కడ వచ్చిన లీకుని వాడకం మీదికి నెట్టడం చాలా కష్టం. ఇది మీకు బలమైన విషయం.

అందుకే ఈ క్షణంలో మీరు చేయాల్సిన అతి ముఖ్యమైన పని: "లీకు బాడీ లోపల ఉంది, కంప్రెసర్ బాగుంది, బయట దెబ్బ లేదు" అన్న మాటలు కంపెనీ జాబ్ షీట్ మీద రాతపూర్వకంగా తీసుకోండి. నోటితో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు. చాలాసార్లు జాబ్ షీట్ మీద "నో కూలింగ్, గ్యాస్ ఛార్జింగ్ రిక్వైర్డ్, ఎస్టిమేట్ గివెన్" అని మూడు ముక్కలు రాసి వెళ్లిపోతారు. కారణం రాయరు. రాయమని అడగండి, మర్యాదగానే అడగండి, ఆ అబ్బాయి మీద కోప్పడి లాభం లేదు, అతను జీతానికి పనిచేసేవాడు. రాయనంటే అతను వెళ్లిన గంటలోపే కంపెనీ ఈమెయిల్‌కి, "ఫలానా తేదీన, ఫలానా ఫిర్యాదు నంబరు మీద వచ్చిన మీ టెక్నీషియన్ ఇలా చెప్పారు, తప్పయితే సరిదిద్దండి" అని రాసి పంపండి. వాళ్లు సరిదిద్దకపోతే ఆ మౌనం కూడా మీకు ఆధారమే.

లీకు ఎలా కనిపెట్టాడో కూడా అడగండి. మామూలుగా నైట్రోజన్ పట్టించి, ప్రెషర్ నిలబడుతుందో లేదో చూసి, బయట కనిపించే జాయింట్లకి సబ్బు నురుగు రాసి చూస్తారు. బయట ఎక్కడా బుడగ రాకుండా ప్రెషర్ పడిపోతుంటే లీకు ఫోమ్ లోపల ఉన్నట్టు. ఆ పరీక్ష చేయకుండా ఊరికే అంచనాగా చెప్తే, ముందు ఆ పరీక్ష చేయించమనండి. ఒక్కోసారి లీకు కంప్రెసర్ దగ్గరి జాయింట్‌లోనే దొరుకుతుంది, అప్పుడు ఖర్చు చాలా తగ్గిపోతుంది.

ఇక చట్టం. ప్రస్తుతం మనకు వర్తించేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. ఇందులో సెక్షన్ 2(10) "లోపం" అంటే ఏమిటో చెప్తుంది. ఏదైనా చట్టం ప్రకారం గానీ, మాటల్లో ఉన్న లేదా లేకపోయినా ఉన్నట్టే భావించే ఒప్పందం ప్రకారం గానీ, అమ్మినవారు చెప్పుకున్న దాని ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యతలో, ప్రమాణంలో వచ్చిన కొరత అని దాని సారాంశం. ఆ నిర్వచనంలో వారంటీ గడువు ప్రస్తావనే లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా ఇక్కడ పనికొస్తుంది. అలాంటి వస్తువుల వ్యాపారం చేసే మనిషి దగ్గర ఫలానా వస్తువని చెప్పి కొన్నప్పుడు, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే లెక్క. కొన్న రోజునే ఫోమ్ కింద అతుకు సరిగ్గా లేని ఫ్రిజ్, లోపం బయటపడింది పద్నాలుగో నెలలో అయినా, అమ్మిన రోజునుంచీ లోపమున్న వస్తువే.

అందుకే షాపువాళ్ల మాట కూడా సరి కాదు. మీరు డబ్బు ఇచ్చింది షాపుకి, బిల్లు ఇచ్చింది షాపు. ఫిర్యాదు వేయాల్సి వస్తే షాపు, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చివరికి భారం కంపెనీ మీదే పడొచ్చు, కానీ షాపుని వదిలేస్తే "అమ్మింది మేము కాదు" అని కంపెనీ వాదించడానికి చోటిచ్చినట్టవుతుంది.

చట్టంలో ప్రోడక్ట్ లయబిలిటీ అని ఇంకో అధ్యాయం ఉంది, సెక్షన్ 82 నుంచి 87 వరకు. ఇంటర్నెట్‌లో చూసి చాలామంది దాన్ని పట్టుకుంటారు. మీకు అది సరిపోదు. ఆ అధ్యాయం వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో జరిగిన నష్టానికి. గీజర్ పేలి గాయపడినా, వాషింగ్ మెషీన్‌లో మంట లేచి గది కాలినా అది వర్తిస్తుంది. ఫ్రిజ్ తనే పాడైతే ఆ నష్టం దాని కిందకి రాదు. నోటీసులో అనవసరంగా అది రాస్తే కంపెనీ లాయరు మొదట దాన్నే కొట్టేసి మీ మొత్తం కేసే బలహీనమన్నట్టు మాట్లాడతాడు.

కంప్రెసర్ పదేళ్ల వారంటీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల బాధపడి వచ్చేవాళ్లే నా దగ్గరకి ఎక్కువ. తలుపు మీద పెద్ద స్టిక్కరు ఉంటుంది, జనం ఫ్రిజ్‌కే పదేళ్లు అనుకుంటారు. కార్డు తెరిచి చదివితే చాలా కంపెనీల విషయంలో అది కంప్రెసర్ అనే పార్టుకి మాత్రమే. ఏడాది దాటాక దాన్ని మార్చే కూలి, గ్యాస్, కొన్నిసార్లు రవాణా ఖర్చు కూడా మీదే. వాషింగ్ మెషీన్ మోటారు వారంటీ కూడా ఇలాంటిదే: మోటారుకి పదేళ్లు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు (పీసీబీ)కి ఏడాదో రెండేళ్లో. కాబట్టి మీ కార్డులో "సీల్డ్ సిస్టమ్" అన్న మాట ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో కంప్రెసర్‌తో పాటు కాయిల్, పైపులు కలిపి ఎక్కువ కాలం కవర్ చేస్తారు. ఆ మాట ఉంటే మీ సమస్య ఈరోజే తేలిపోతుంది. అలాగే వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. బిల్లు ఒక రోజు, డెలివరీ ఇంకో రోజు, ఇన్‌స్టలేషన్ మరో రోజు జరుగుతాయి. ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి లెక్కించమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలకు సూచించింది. అది సూచనే, చట్టం కాదు. గడువు కొద్ది రోజుల్లో దాటినవాళ్లకి మాత్రం వాదించడానికి బాగా పనికొస్తుంది.

నేను చూసినవాటిలో రెండు మూడు చెప్తాను, మీ కేసు ఎక్కడుందో అర్థమవుతుంది.

ఒకావిడ వాషింగ్ మెషీన్. వారంటీలో ఉండగానే డ్రమ్ము దగ్గర చప్పుడు వస్తోందని పదే పదే ఫిర్యాదు చేశారు. వచ్చిన ప్రతివాడూ కాళ్లు సరిచేసి "లెవెల్ సెట్ చేశాం, ఓకే" అని రాసి వెళ్లాడు. వారంటీ ముగిసిన కొద్ది వారాలకి బేరింగు పూర్తిగా పోయి డ్రమ్ము ఊడింది. కంపెనీ ఎస్టిమేట్ ఇచ్చింది. ఆవిడ పాత జాబ్ షీట్లన్నీ ఒక కవర్లో దాచుకున్నారు. అవి జతచేసి నోటీసు పంపగానే కంపెనీ మెషీన్ మార్చి ఇచ్చింది, కేసు దాకా వెళ్లనే లేదు. వారంటీలో ఉండగా మొదలైన సమస్య, వారంటీ దాటాక ముదిరినా, అది వారంటీలోని సమస్యే. ఈ ఒక్క మాట చాలామందికి తెలియదు. మీ ఫ్రిజ్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా కూలింగ్ తక్కువైందని ఫిర్యాదు చేశారా? చేసుంటే ఆ నంబరు వెతకండి. కాగితం పోయినా ఫోన్‌లో వచ్చిన ఎస్ఎంఎస్ చాలు.

ఇంకొకాయన ఏసీ. రెండో ఏడాది అవుట్‌డోర్ యూనిట్ పీసీబీ కాలింది. తయారీ లోపమని ఆయన గట్టి నమ్మకం. విప్పి చూస్తే బోర్డు మీద బల్లి మాడిపోయి ఉంది, రెండు ట్రాకుల మధ్య షార్టు. దానికి ఫొటో కూడా ఉంది. ఆయన్ని ఫిర్యాదు వేయొద్దన్నాను. అలాగే వోల్టేజీ ఎక్కువై కాలిన బోర్డులు, ఉప్పునీళ్లకి తుప్పు పట్టిన గీజర్ ట్యాంకులు, బయట మెకానిక్ ఒకసారి విప్పేసిన మెషీన్లు, వీటిలో గెలవడం కష్టం. ఇలాంటి వాటికోసం నెలల తరబడి తిరగడం మీ ఆరోగ్యానికి మంచిది కాదు.

మూడోది టీవీ. ప్యానెల్ పోయింది, డబ్బిస్తామన్నా ఆ ప్యానెల్ ఇప్పుడు రావడం లేదన్నారు. టీవీ కొని మూడేళ్లు కూడా కాలేదు. మన దేశంలో ఇంటి ఉపకరణాల స్పేర్ పార్టులు ఇన్నేళ్లు అందుబాటులో ఉంచాలని చట్టంలో సంఖ్య లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి ఫ్రిజ్‌ల ముఖ్యమైన పార్టులు ఏడేళ్లు, వాషింగ్ మెషీన్లవి పదేళ్లు ఉంచాలని నియమం ఉంది. ఇక్కడ కేంద్రం 2022 చివర్లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, కంపెనీలు సర్వీస్, స్పేర్ పార్టుల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. దానికి ఇంకా కోరలు రాలేదన్నది నా అభిప్రాయం, రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అయినా అంత తక్కువ కాలంలో పార్టు లేదనడం సేవాలోపమేనని వినియోగదారుల కమిషన్ ముందు వాదించవచ్చు. ఆ టీవీ కేసులో కంపెనీ వాడిన కాలానికి తరుగు తీసి మిగతా సొమ్ము వెనక్కి ఇచ్చింది. తరుగు లెక్క ఎలా వేశారో రాతలో అడిగాక ఆ సొమ్ము మొదట చెప్పినదానికంటే పెరిగింది.

మీరు ఇప్పుడు వెళ్లాల్సిన దారి ఇది. మొదట కంపెనీకి ఈమెయిల్. కస్టమర్ కేర్ ఫోన్‌లో ఎంత సేపు మాట్లాడినా ఆ అమ్మాయి చేతిలో ఏ అధికారమూ ఉండదు. ఏరియా సర్వీస్ మేనేజర్‌కి చేరేలా, పైన చెప్పిన సాంకేతిక కారణంతో, బిల్లు, జాబ్ షీట్, ఫ్రిజ్ నాలుగు వైపుల ఫొటోలు జతచేసి రాయండి. ఏం కావాలో స్పష్టంగా అడగండి: ఉచిత మరమ్మతు, లేదా మార్చి ఇవ్వడం. లోపల పనిచేసినవాడిగా చెప్తున్నాను, గడువు కొద్దిగా దాటిన కేసుల్లో పార్టు ఉచితంగా ఇచ్చి కూలి మాత్రం తీసుకునే వెసులుబాటు మేనేజర్లకి చాలాచోట్ల ఉంటుంది. అడిగినవాళ్లకే ఇస్తారు. అలాంటి ప్రతిపాదన వస్తే కాదనకండి. కానీ ఫోమ్ లోపలి లీకుకి ఊరికే గ్యాస్ నింపి పంపిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, కొన్ని వారాల్లో మళ్లీ ఇదే పరిస్థితి. బాడీ మార్చాలి, లేదా పాత పైపుని వదిలేసి బయట కొత్త కండెన్సర్ కాయిల్ వేయాలి. ఏది చేసినా ఆ పనికి కొత్త వారంటీ ఎంతో రాయించుకోండి.

వారం పది రోజుల్లో సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీ దగ్గరకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు. కస్టమర్ కేర్ కదలని చోట ఇది కదిలించడం చాలాసార్లు చూశాను. ఖర్చేమీ లేదు. ఆన్‌లైన్‌లో కొనుంటే ఆ వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

అప్పటికీ తేలకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ జనం భయపడేవన్నీ అంత భయపడాల్సినవి కావు. వస్తువు ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే మాట్లాడుకోవచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఇది 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదానికి కారణం తలెత్తిన రోజునుంచి రెండేళ్లలోపు వేయాలి. కంపెనీ కొన్న తేదీ నుంచే లెక్కపెట్టమంటుంది. ఆ లెక్కలో కూడా మీకు ఇంకా సమయం ఉంది, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. చట్టం మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలంటుంది. వాస్తవంలో ఇంతకంటే ఎక్కువే పడుతుంది, ఏడాది దాటడం మామూలు. ఆ ఓపిక ఉందో లేదో ముందే ఆలోచించుకోండి.

కంపెనీ "తయారీ లోపమని నిపుణుడి నివేదిక ఏది?" అని అడుగుతుంది. దానికి మూడు దారులున్నాయి. వాళ్ల జాబ్ షీటే వాళ్ల నిపుణుడి మాట. స్వతంత్రంగా పనిచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత పరిశీలన రాయించి, అఫిడవిట్‌గా ఇవ్వొచ్చు. లేదా సెక్షన్ 38 కింద పరీక్ష చేయించమని కమిషన్‌నే కోరవచ్చు, ఆ ఖర్చు మొదట మిమ్మల్ని కట్టమనే అవకాశం ఉంది. పరిహారం అడిగేటప్పుడు అతిగా పోకండి. 38 వేల ఫ్రిజ్‌కి మానసిక వేదన కింద లక్షలు రాస్తే అసలు విషయం పలచబడుతుంది. మరమ్మతు ఖర్చు లేదా ధర, మధ్యలో అయిన ఖర్చులు, న్యాయమైన పరిహారం, కేసు ఖర్చు, ఇవి చాలు.

ఫ్రిజ్ బిల్లు మీ పేరు మీద కాకుండా పెళ్లి కానుకగా మామగారి పేరు మీదో, అన్నయ్య పేరు మీదో ఉన్నా కంగారు వద్దు. కొన్నవారి సమ్మతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. దుకాణంలో వ్యాపారానికి వాడుతుంటే మాత్రం వేరే లెక్క, సొంత జీవనోపాధికి తానే నడుపుకునే చిన్న వ్యాపారానికి మినహాయింపు ఉంది.

చివరగా, ఇంట్లో చిన్నపిల్లలకి పాలు, పెద్దవాళ్లకి ఇన్సులిన్ ఉంటే కంపెనీ జవాబు కోసం వారాల తరబడి ఆగలేరని నాకు తెలుసు. తప్పక ఇప్పుడే బాగుచేయించాల్సి వస్తే కంపెనీ చేతే చేయించండి. డబ్బు కట్టే ముందు "హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని ఈమెయిల్ పంపండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. తీసేసిన పైపు ముక్క గానీ పార్టు గానీ వాళ్లు పట్టుకెళ్లబోతే ఇవ్వకండి, దాని మీద తేదీ రాసి కవర్లో పెట్టి ఉంచండి. కమిషన్ పరీక్షకి పంపమంటే పంపడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే.